ప్లేస్టేషన్ 3 గొప్పదా, ఎక్స్‌బాక్స్ 360 గొప్పదా?

ప్రియమైన పిల్లలకు,

సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 3, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ 360 అనే వీడియో గేమ్ మెషిన్లలో ఏది పవర్‌ఫుల్ అని అడిగారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే అన్యాయం అవుతుంది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. అవి పాత మెషిన్లే. కానీ ఒకే పనికి రెండు కంపెనీలు ఇంత వేరు దారులు పట్టడం ఆ తర్వాత మళ్లీ నాకు కనిపించలేదు. అందుకే ఆ జంటంటే నాకు చాలా ఇష్టం.

ముందు పేపర్ మీది లెక్కలు చూద్దాం. 2005లో సోనీ తన మెషిన్‌కు 2 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 2 లక్షల కోట్ల లెక్కలు, అని చెప్పుకుంది, మైక్రోసాఫ్ట్ 1 టెరాఫ్లాప్ అంది. ఆ అంకెలు చూస్తే పోటీ అక్కడే ముగిసినట్టు ఉంటుంది. ఆటలు వచ్చాక చూస్తే అలా లేదు. చాలా ఆటలు రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి, కొన్ని ఎక్స్‌బాక్స్‌లోనే బాగా నడిచాయి. ఎందుకలా జరిగిందో అర్థమైతే ఈ విషయం సగం అర్థమైనట్టే.

రెండింటి ప్రాసెసర్ల వేగం ఒకటే, 3.2 గిగాహెర్ట్జ్. అంటే సెకనుకు 320 కోట్ల టిక్కులు. ఇంకో చిత్రం ఏమిటంటే, రెండింటి ప్రాసెసర్లకూ మూలం ఐబీఎమ్మే. 2001లో సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి అమెరికాలోని ఆస్టిన్‌లో 'సెల్' అనే చిప్ రూపకల్పన మొదలుపెట్టాయి. ఆ పని సాగుతుండగానే మైక్రోసాఫ్ట్ కూడా ఐబీఎం దగ్గరికి వెళ్లింది. సెల్ కోసం తయారవుతున్న పవర్‌పీసీ రకం కోర్‌నే (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాన్నే) మార్చి, మూడింటిని పక్కపక్కన పెట్టి ఎక్స్‌బాక్స్ 360కి ఇచ్చారు. ప్రత్యర్థులిద్దరి పెట్టెల్లోనూ ఒకే కుటుంబానికి చెందిన కోర్లు ఉన్నాయన్నమాట.

మరి తేడా ఎక్కడ? డేటా ప్రాసెసర్ దగ్గరికి చేరే దారిలో.

ప్రాసెసర్ లెక్క చేయడం క్షణంలో పని. ఆ లెక్కకు కావలసిన అంకె మెయిన్ మెమరీలో ఉంటే, అది వచ్చేలోపు వందల టిక్కులు వృథాగా పోతాయి. పెళ్లి వంటలు చూశారు కదా. వంటమనిషి చేయి ఎంత చురుకైనా, ప్రతి దినుసుకూ వీధి చివర కొట్టుకు వెళ్లాలంటే భోజనాలు ఆలస్యమే. అందుకే కొంత సామాను పక్కనే బల్ల మీద పెట్టుకుంటారు. ఆ బల్ల మీద ఏం ఉండాలో ఎవరు చూసుకుంటారన్నదే ఈ రెండు మెషిన్ల మధ్య అసలు తగాదా.

ఎక్స్‌బాక్స్‌లో మూడు కోర్లకూ కలిపి 1 ఎంబీ క్యాష్ (ఆ బల్ల లాంటి చిన్న, వేగమైన మెమరీ) ఉంటుంది. ఏ డేటా దగ్గర పెట్టుకోవాలో, ఏది పంపించేయాలో హార్డ్‌వేరే చూసుకుంటుంది. ఒక్కో కోర్ ఒకేసారి రెండు పనులు నడుపుతుంది కాబట్టి, ఒకటి డేటా కోసం ఆగితే రెండోది సాగుతుంది. ప్రోగ్రామర్ మామూలుగా రాసుకుంటూ పోయినా ఫర్వాలేదు.

సెల్ అలా కాదు. అందులో మామూలు కోర్ ఒక్కటే. దాని చుట్టూ ఎస్పీఈలు అనే 8 చిన్న ప్రాసెసర్లు ఉన్నాయి. చిప్పుల తయారీలో ఏదో ఒక ఎస్పీఈ చెడిపోయినా పారేయనక్కర్లేకుండా, కావాలనే ఒకదాన్ని ఆపేసి 7 మాత్రం వాడారు. ఆ ఏడింటిలో ఒకటి సిస్టమ్‌కు పోగా ఆటలకు 6 మిగిలాయి. ఒక్కోదానికి సొంతంగా 256 కేబీ మెమరీ ఉంది. దాని ప్రపంచం అంతే. మెయిన్ మెమరీని నేరుగా తాకలేదు, క్యాష్ కూడా లేదు. కావలసిన డేటాను ముందే తెప్పించడం, ఒక ముక్క మీద పని జరుగుతుండగానే తర్వాతి ముక్కకు ఆర్డర్ వేయడం, అయిన ఫలితాన్ని వెనక్కి పంపడం, అన్నీ ప్రోగ్రామర్ రాయాల్సిందే. ఆ 256 కేబీలోనే ప్రోగ్రామ్ కూడా ఇమడాలి!

అలా రాయగలిగినవాళ్ల చేతిలో సెల్ అద్భుతంగా పనిచేసింది. డేటా ఎప్పుడొస్తుందో ముందే తెలుసు కాబట్టి ఎస్పీఈ ఖాళీగా కూర్చోదు. 2010లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 3 అనే ప్లేస్టేషన్ 3 ఆటలో బొమ్మ అంచుల గరుకుదనాన్ని నునుపు చేసే పనిని, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ నుంచి తీసి ఎస్పీఈలకు అప్పగించారు. ఆ బొమ్మ నాణ్యత ఇప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. సెల్‌ను మెరుగుపరిచి చేసిన చిప్పులతోనే అమెరికాలోని లాస్ అలమోస్‌లో రోడ్‌రన్నర్ అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. 2008లో సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు, అంటే పెటాఫ్లాప్, దాటిన మొదటి కంప్యూటర్ అదే.

ఇక మెమరీ. రెండింటిలోనూ 512 ఎంబీయే. ఎక్స్‌బాక్స్‌లో అది ఒకే ముద్ద. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ అందులోంచే తీసుకుంటాయి, వేగం సెకనుకు 22.4 జీబీ. మొదట 256 ఎంబీయే పెట్టాలనుకుంటే, ఎపిక్ గేమ్స్ వాళ్లు పట్టుబట్టి 512 చేయించారు. ఆటలు తయారుచేసేవాళ్ల మాట విన్నందుకు మైక్రోసాఫ్ట్‌ను మెచ్చుకోవాలి. ప్లేస్టేషన్‌లో మాత్రం 256 ఎంబీ సెల్‌కు, 256 ఎంబీ ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ చిప్‌కు అని పంచేశారు. సెల్ వైపు వేగం సెకనుకు 25.6 జీబీ, గ్రాఫిక్స్ వైపు దారి దానికి అదనం. మొత్తం వేగం ఎక్కువే. కానీ ఒక వైపు నిండిపోయి రెండో వైపు ఖాళీగా ఉన్నా సర్దుకోవడం కష్టం. పైగా సెల్ గ్రాఫిక్స్ మెమరీలోంచి చదవబోతే నత్తనడకే. సగం సగం పంచిన ఆ గోడ దగ్గరే చాలామంది ప్రోగ్రామర్లు విసిగిపోయారు.

ఎక్స్‌బాక్స్‌కూ ఇబ్బంది లేకపోలేదు. ఒకే దారి ఇద్దరికీ చాలదు కాబట్టి, గ్రాఫిక్స్ చిప్‌కు తోడుగా, దాన్ని రూపొందించిన ఏటీఐ కంపెనీ వాళ్లు 10 ఎంబీల అతివేగమైన మెమరీ పెట్టారు. మీరే లెక్క కట్టండి. 1280×720 తెర అంటే 9,21,600 చుక్కలు. ఒక్కో చుక్కకు రంగుకు 4 బైట్లు, లోతుకు (అది ఎంత దూరంలో ఉందో గుర్తుంచుకోవడానికి) 4 బైట్లు వేసుకుంటే సుమారు 7 ఎంబీ. హాయిగా పడుతుంది. అంచులు నునుపు చేయడానికి ప్రతి చుక్కనూ నాలుగుసార్లు లెక్కగడితే 28 ఎంబీ అవుతుంది, పట్టదు. బొమ్మను మూడు ముక్కలుగా గీయాలి. ఆ శ్రమ వద్దనుకున్నవాళ్లు నునుపు తగ్గించేవారు, లేదా తెర చిన్నది చేసేవారు. హాలో 3 అనే ఎక్స్‌బాక్స్ ఆట గీసింది 1152×640లోనే.

బయోనెట్టా అనే ఆట 2009లో ముందు ఎక్స్‌బాక్స్ కోసం తయారైంది. ప్లేస్టేషన్ 3కి మార్చేసరికి నెమ్మదించింది. గాడ్ ఆఫ్ వార్ 3ని ఎక్స్‌బాక్స్‌కు తెస్తే అదీ ఇబ్బంది పడేదనే నా నమ్మకం. అయినా నా తీర్పు అడిగితే, చిప్‌గా సెల్ గొప్పది, ఆటల మెషిన్‌గా ఎక్స్‌బాక్స్ 360 మెరుగైంది. రెండు మూడేళ్లలో ఆట పూర్తిచేయాల్సిన టీమ్‌కు నెలల తరబడి డేటా మోసే పని అప్పగించడం న్యాయం కాదు. సోనీలో ప్లేస్టేషన్ 4కు ముఖ్య రూపశిల్పి అయిన మార్క్ సెర్నీ 2013లో ఒక లెక్క చెప్పారు. కొత్త మెషిన్ మీద పని మొదలుపెట్టి గ్రాఫిక్స్ కాస్త నిలబడేదాకా రావడానికి మొదటి ప్లేస్టేషన్‌లో నెలా రెండు నెలలు పడితే, మూడోదానికి ఆరు నుంచి పన్నెండు నెలలు పట్టిందట.

ఆ పాఠం సోనీ బాగా నేర్చుకుంది. ప్లేస్టేషన్ 4లో ఎస్పీఈలు లేవు, గోడ లేదు. ఏఎండీ కంపెనీ మామూలు కోర్లు 8, ఒకే ముద్దగా 8 జీబీ, వేగం సెకనుకు 176 జీబీ. ఈసారి చిక్కుదారి మైక్రోసాఫ్ట్ పట్టింది. ఎక్స్‌బాక్స్ 360 తర్వాత వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్‌లో 8 జీబీ మెమరీ వేగం సెకనుకు సుమారు 68 జీబీయే. ఆ లోటు పూడ్చడానికి 32 ఎంబీ వేగవంతమైన మెమరీ పెట్టి, అందులో ఏం ఉంచాలో చూసుకునే తలనొప్పి ప్రోగ్రామర్లకు వదిలేశారు.

2020లో వచ్చిన మెషిన్ల గురించి ఒక లెక్క మీకు అప్పగిస్తున్నాను. ప్లేస్టేషన్ 5లో 16 జీబీ, మొత్తానికీ ఒకే వేగం, సెకనుకు 448 జీబీ. సెకనుకు 60 బొమ్మలు గీస్తే ఒక్కో బొమ్మకు సుమారు 7.5 జీబీ కదిలే వీలుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో ఉన్నది 10 జీబీ. అందులో 8 జీబీ వేగం సెకనుకు 224 జీబీ, మిగతా 2 జీబీ వేగం 56 జీబీ మాత్రమే. ఆ 2 జీబీలో మీరైతే ఏం పెడతారు, ఎందుకు? లెక్క కట్టి జవాబు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య