వెనుక సీటు ఎవరి కోసం?

పాలకొల్లు

చిరంజీవులైన మనవలకు,

తాతయ్య ఆశీస్సులు. సంక్రాంతికి వచ్చినప్పుడు మన వీధిలో నిలిచిన రెండు ఖరీదైన కార్లను చూసి, దాదాపు ఒకే స్తోమత గలవారిలో ఒకరు పెద్ద సెడాన్‌ను, మరొకరు నాలుగు సీట్ల స్పోర్ట్స్ కారును ఎందుకు కొంటారని అడిగారు. అప్పుడు భోజనాల వేళ కావడంతో దాటవేశాను.

నాకు తెలిసినంతవరకు, కొనేవాడు తాను ఏ సీట్లో కూర్చోదలచాడన్నదే అసలు సంగతి. మెర్సిడెస్ ఎస్-క్లాస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్ వంటి పెద్ద సెడాన్లు డ్రైవరును పెట్టుకుని, వెనుక ఎడమవైపు కూర్చునే యజమానికి నప్పుతాయి. ఇప్పటి పొడవైన ఎస్-క్లాసులో ముందు, వెనుక చక్రాల నడుమ 3 మీటర్లకు పైగా దూరం ఉండడం వల్ల కాళ్ళు బారజాపుకోవచ్చు. స్ప్రింగులకు బదులు గాలితిత్తులు కుదుపులను ఆపే ఎయిర్ సస్పెన్షన్ ఉన్నందున గతుకులు అంతగా తెలియవు. భీమవరం నుంచి హైదరాబాదు వెళ్తూ దారిపొడవునా మేత ధరలు, రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) ధరలు ఫోనులో మాట్లాడుకుని, పెళ్ళిపందిరి ముందు పట్టుపంచె నలగకుండా దిగదలచిన ఆసామికి అంతకన్న ఏం కావాలి? అందులో దర్పం లేదని మాత్రం అనను.

పోర్షే పనమెరా వంటి నాలుగు సీట్ల స్పోర్ట్స్ కారు కొనేవాడు స్టీరింగును మరొకరికి అప్పగించడు. 2009లో వచ్చిన మొదటి పనమెరాలో వెనుక ఉన్నవి రెండే విడి సీట్లు. మధ్యలో మూడో మనిషికి చోటు లేదు. అలాంటప్పుడు రెండు తలుపుల కారే కొనవచ్చు కదా అంటే, ఇంట్లో ఒప్పుకోరు. "పిల్లలూ ఎక్కవచ్చు, అమ్మా ఎక్కవచ్చు" అనే మాట కోసమే ఆ వెనుక సీట్లని నా అనుమానం. నేలకు అంత దగ్గరగా ఉండే కారులోంచి దిగడానికి మోకాళ్ళ నొప్పుల మీ నాయనమ్మకు ఒకసారి ఇద్దరు చేయూతనివ్వవలసి వచ్చింది.

ఈ కోరిక కొత్తదేమీ కాదు. 1984లో ఫెర్రీ పోర్షే 75వ పుట్టినరోజుకు ఆయన కంపెనీవారు 928 అనే తమ స్పోర్ట్స్ కారునే సాగదీసి, వెనుక సీట్లలో పెద్దవాళ్ళు కూర్చునేలా చేసి కానుకగా ఇచ్చారు.

మన కాలువ గట్ల రోడ్ల మీద, ఊరికి రెండు చొప్పున ఉండే స్పీడు బ్రేకర్ల మీద అటువంటి కారును నడపడం ఓర్పుతో కూడిన పని. అయినా మనకు తెలిసిన ఒక మిల్లు యజమాని వారమంతా డ్రైవరుతో సెడాన్‌లో తిరిగి, ఆదివారం తెల్లవారుజామున మాత్రం రెండో కారు తానే తీసి, చించినాడ వంతెన దాటి అంతర్వేది దాకా వెళ్ళి వస్తాడు. ఆ వెనుక సీట్లలో ఆయన కండువా తప్ప మరేమీ ఉండదు.

ఇట్లు,
మీ తాతయ్య