ఫైలు మీద ఎల్.డిస్ రాసేవాళ్లకు పాఠం చెప్పిందెవరు?

సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టేవాళ్లకు బాగా అలవాటైన జవాబు ఒకటుంది: 'సదరు ఫైలు ఎంత వెతికినా లభ్యం కాలేదు.' ఇది చెల్లదని 2013 సెప్టెంబర్‌లో విశ్వాస్ భంబుర్కర్ కేసులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఒకప్పుడు ఆఫీసులో ఉన్న కాగితం ఇప్పుడు లేదంటే గట్టిగా వెతకాలి, అయినా దొరక్కపోతే విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చాలి అంది. తీర్పు బాగానే ఉంది. అయితే ఫైలు పోకుండా చూడటం ఒక విద్య అనీ, దానికి పీజీ స్థాయి చదువు ఉంటుందనీ మన ఆఫీసుల్లో చాలామందికి తట్టదు. తట్టకపోవడం వెనక నూట ముప్పై ఏళ్ల కథ ఉంది.

1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ పుట్టింది. ఢిల్లీలో పాత ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే ఇప్పటి జాతీయ అభిలేఖాగారం, అదే నేషనల్ ఆర్కైవ్స్, దాని వారసురాలు. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి పేరుకుపోయిన కాగితాలను ఒకచోట చేర్చి, తన పనికి కావలసినప్పుడు తీసుకోవడమే అప్పటి సర్కారు ఉద్దేశం. జనం వచ్చి చదువుతారన్న ఆలోచన అందులో లేదు. 1939లో మరాఠాల చరిత్ర రాసిన సురేంద్రనాథ్ సేన్ పగ్గాలు చేపట్టాక పరిశోధకులకు తలుపులు తెరుచుకున్నాయి. 1940ల తొలి ఏళ్లలో శిక్షణ కూడా మొదలైంది. చేరినవాళ్లు ఎక్కువగా చరిత్రలో ఎం.ఏ. చేసినవాళ్లే. పాత కాగితాన్ని వరసలో పెట్టడం, జాబితా రాయడం, చిరిగితే అతకడం నేర్చుకునేవారు.

అతకడం అంటే తేలిగ్గా తీసుకోకండి. పెళుసుబారిన కాగితాన్ని రెండు పల్చటి సెల్యులోజ్ అసిటేట్ పొరల మధ్య పెట్టి, పైనా కిందా టిష్యూ పేపరు పరిచి, అసిటోన్‌లో ముంచిన దూదితో మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా అద్దుతారు. పొర కరిగి కాగితానికి పట్టుకుంటుంది. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మన దగ్గరే రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని ప్రపంచవ్యాప్తంగా ఈ రంగంలో ఉన్నవాళ్లు గుర్తుపడతారు. మరమ్మతులో మనవాళ్లు ఎవరికీ తీసిపోలేదు. వెనకబడింది మరోచోట.

బయట దేశాల్లోనూ ఈ చదువు పాత కాగితాలతోనే మొదలైంది. ఫ్రెంచి విప్లవం తర్వాత మఠాల, జమీందారుల దస్తావేజులు ప్రభుత్వం చేతికొచ్చాయి. వాటిని చదవగలిగేవాళ్ల కోసం 1821లో పారిస్‌లో ఎకోల్ దె షార్త్ పెట్టారు. ఇంగ్లండులో హిలరీ జెన్కిన్సన్ 1922లో రాసిన గ్రంథంలో ఆర్కైవిస్ట్, అంటే పాత రికార్డులను చూసుకునే ఉద్యోగి, కాపలాదారు మాత్రమే అన్నాడు. ఏది ఉంచాలి, ఏది చించాలి అన్నది ఆఫీసులే తేల్చుకోవాలి, ఆర్కైవిస్ట్ వేలు పెట్టకూడదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 1947లో మొదలైన కోర్సు మీద ఈ ఆలోచన ముద్ర పడింది. మన ఢిల్లీ శిక్షణ కూడా ఇదే గాలి పీల్చిందని నా అభిప్రాయం.

అమెరికాలో దారి మారింది. రెండో ప్రపంచ యుద్ధం వదిలిపోయిన కాగితాల గుట్ట చూశాక కాపలా కాస్తూ కూర్చుంటే కుదరదని అర్థమైంది. 1950లో ఫెడరల్ రికార్డ్స్ చట్టం తెచ్చారు. ఫైలు పుట్టినప్పుడే దాని ఆయుష్షు ఎంతో నిర్ణయించాలి, ఆ నిర్ణయంలో ఆర్కైవిస్ట్ చెయ్యి ఉండాలి అని అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో పనిచేసిన థియొడర్ షెలెన్‌బర్గ్ లాంటివాళ్లు వాదించారు. రికార్డ్స్ మేనేజ్‌మెంట్ అనే పాఠం అక్కడ బలపడింది. 1981లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ ఆర్కైవ్స్ చదువు కోసమే విడిగా మాస్టర్స్ డిగ్రీ పెట్టింది. అప్పటివరకు ఉత్తర అమెరికాలో చరిత్ర శాఖలోనో లైబ్రరీ సైన్స్‌లోనో ఇది ఒక పేపరుగా ఉండేది.

తమాషా ఏమిటంటే, ఫైలు ఆయుష్షు లెక్క మనకు కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి కలెక్టరాఫీసుల్లో పనిచేసినవాళ్లను అడగండి. ఫైలు మూసేటప్పుడు మీద 'ఆర్.డిస్' అని రాస్తే శాశ్వతంగా ఉంచాలి. 'డి.డిస్' అంటే పదేళ్లు దాటాక తీసేయొచ్చు. 'ఎల్.డిస్' అయితే ఇంకా చాలా తక్కువ కాలం. విదేశీ క్లాసుల్లో రిటెన్షన్ షెడ్యూల్ పేరుతో సెమిస్టరంతా చెప్పే విషయం మన గుమాస్తా ఒక్క అక్షరంలో తేల్చేస్తాడు. కానీ ఆ అక్షరం ఎందుకు రాయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. సీనియర్‌ను చూసి నేర్చుకున్నాడు. దారి తగాదా ఫైలును ఎల్.డిస్ కింద మూసేస్తే, ముప్పై ఏళ్ల తర్వాత ఆ సర్వే నంబరు కోర్టుకెక్కినప్పుడు కాగితం ఉండదు. అందులో కుట్రేమీ ఉండక్కర్లేదు, తెలియనితనం చాలు.

ఇక్కడ లైబ్రరీ సైన్స్‌తో పోల్చి చూడాలి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. గ్రంథాలయాల కోసం ఊరూరా ఉద్యమం నడిచింది. మద్రాసులో లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్ పాఠాలు మొదలుపెట్టాడు, 1935 నాటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం కోర్సు నడిపింది. పుస్తకం అడిగేది జనం కాబట్టి ఆ చదువు యూనివర్సిటీల్లోకి నడిచొచ్చింది. ఫైలు అడిగేవాడు లేడు. అడిగినా అది రహస్యం. అందుకే రికార్డుల చదువు సర్కారు గడప దాటలేదు. నేషనల్ ఆర్కైవ్స్‌లో 1976లో శిక్షణ సంస్థ పెట్టి, 1980లో స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ అని పేరు మార్చారు. ఏడాది డిప్లొమా, కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సులు ఇస్తున్నారు. మంచి కోర్సులే. కాకపోతే ఇంత పెద్ద దేశానికి సరిపోవు.

చట్టం ఇంకా నిదానంగా వచ్చింది. ఆర్కైవ్స్‌కు చట్టం ఎలా ఉండాలో చెప్పడానికి చరిత్రకారుడు తారాచంద్ అధ్యక్షతన కమిటీ వేసింది 1959లో. పబ్లిక్ రికార్డ్స్ చట్టం వచ్చింది 1993లో. 1892కు ముందు పుట్టిన రికార్డును పనికిరానంతగా పాడైతే తప్ప చించకూడదని అందులో ఉంది. అక్రమంగా రికార్డు నాశనం చేస్తే ఐదేళ్ల దాకా జైలు ఉంది. కానీ ఐదో సెక్షన్ చూడండి. ప్రతి ఆఫీసూ తన అధికారుల్లో ఒకరిని రికార్డ్స్ ఆఫీసర్‌గా నామినేట్ చేయాలి. ఈ పని చదివినవాణ్ని పెట్టుకోవాలని లేదు, ఉన్నవాళ్లలో ఒకరి పేరు రాస్తే సరిపోతుంది. ఆఫీసు భాషలో చెప్పాలంటే అదనపు బాధ్యత. అదనపు బాధ్యత గతి ఏమవుతుందో ఉద్యోగులకు చెప్పక్కర్లేదు. పైగా ఈ చట్టం కేంద్రానికీ కేంద్రపాలిత ప్రాంతాలకూ మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టం తాము చేసుకోవాలి. మహారాష్ట్ర 2005లో, కర్ణాటక 2010లో చేసుకున్నాయి.

ఫలితం 2022 డిసెంబర్‌లో బయటపడింది. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవని నేషనల్ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరలే ఓ సభలో చెప్పారు. హరిత విప్లవం కాగితాలూ లేవు. 151 మంత్రిత్వ శాఖలూ విభాగాలూ ఉంటే, తమకు రికార్డులు అందింది 64 సంస్థల నుంచి, అందులో మంత్రిత్వ శాఖలూ విభాగాలూ 36 మాత్రమే అన్నారు. ఆ కాగితాలు కాలిపోయాయని కాదు. ఏ గదిలోనో ఉండొచ్చు. పంపాల్సిన పని తనదని తెలిసినవాడు అక్కడ లేకపోయుంటాడు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న తెలంగాణ ఆర్కైవ్స్‌ది ఇంకో చిక్కు. షాజహాన్, ఔరంగజేబు కాలపు మొగలాయి కాగితాలు, ఆసఫ్‌జాహీల దఫ్తర్లు అక్కడున్నాయి. వాటిలో చాలావరకు పారసీ, అదీ అక్షరాలు కలిపి గొలుసులా రాసే షికస్తా రాత. స్కాన్ చేయడానికి యంత్రాలు దొరుకుతాయి. స్కాన్ చేసిన బొమ్మ ఏ పరగణాదో, ఏ ఏటిదో చదివి చెప్పడానికి మనిషి కావాలి. ఆ మనిషి తయారవ్వాలంటే భాషా, రికార్డుల శాస్త్రమూ రెండూ పక్కపక్కన నేర్పే కోర్సు ఉండాలి.

ఈ మధ్య ఉద్యోగాలు సర్కారు బయట కనిపిస్తున్నాయి. రిజర్వ్ బ్యాంకుకు 1981 నుంచి, టాటాలకు 1991 నుంచి సొంత ఆర్కైవ్స్ ఉన్నాయి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ 2019లో శాస్త్ర పరిశోధన కాగితాల కోసం ఒకటి తెరిచింది. ఈ చదువు చదివినవాళ్లు ఇలాంటిచోట్ల కుదురుకోవచ్చు. 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకలు కావలసిన రైతుకు మాత్రం పని పడేది తహసీల్దార్ ఆఫీసులోనే. అక్కడ బీరువా తాళం చాలాచోట్ల అటెండర్‌గా చేరి ప్రమోషన్ మీద వచ్చిన రికార్డ్ అసిస్టెంట్ దగ్గర ఉంటుంది. ఏ మూటలో ఏ ఊరుందో ఆయనకు నోటికి తెలుసు. ఆయన రిటైరైతే వచ్చేవాడికి అప్పగించడానికి రాసిపెట్టిన జాబితా ఉంటుందన్న గ్యారంటీ లేదు.