ఆ తెల్లని హాలు ఎవరిది?

చిన్నోడికీ, బుజ్జమ్మకీ,

అమ్మమ్మ దీవెనలు. మొన్న నేను పంపిన ఫోటోల్లో తెల్లని స్తంభాల హాలు చూసి బుజ్జమ్మ అడిగింది కదా, "అమ్మమ్మా, ఇది చూడ్డానికి మసీదులా ఉంది, పేరేమో మేరీమాతది, అక్కేమో యూదుల గుడి అంటోంది, ఇంతకీ ఎవరిది?" అని. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేయడానికి మనసొప్పలేదు. అందుకే కాగితం, కలం తీశాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నిదానంగా చదవండి.

మీ అక్క కాలేజీ వాళ్ళు ఇరవై రెండు మంది స్పెయిన్‌లోని టోలెడో అనే పాత ఊరు చూడ్డానికి వెళ్తున్నారని తెలిసి, నన్నూ తీసుకెళ్తారేమో అడగమన్నాను. వాళ్ళ మేడమ్ సరేనంది. ముందురోజు రాత్రే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దాను. మాడ్రిడ్‌లో అటోచా స్టేషన్‌లో రైలెక్కితే అరగంటకల్లా టోలెడో. పిల్లలు చెవుల్లో ఆ తీగలు తీసేలోపే దిగాల్సి వచ్చింది.

ఊరంతా ఒక పెద్ద బండరాతి గుట్ట మీద ఉంటుంది. తాహో నది ఆ గుట్టని మూడు వైపులా చుట్టి పారుతుంది. నాలుగో వైపున ఒక గోడ కట్టుకుంటే చాలు, శత్రువు లోపలికి రావడం కష్టం. అందుకే రాజ్యం ఎవరి చేతికొచ్చినా వాళ్ళ కన్ను ఈ ఊరి మీదే పడింది. రోమన్లు ఉన్నారు. తర్వాత విసిగోతులనే జాతి రాజులు దీన్నే రాజధాని చేసుకున్నారు. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సేనలు వచ్చాయి. 1085లో ఆరో అల్ఫోన్సో అనే క్రైస్తవ రాజు తీసుకున్నాడు. ఈ 1085 గుర్తుపెట్టుకోండి, నేను చెప్పబోయేదంతా దాని చుట్టూ తిరుగుతుంది.

గుట్ట ఎక్కడానికి ఎస్కలేటర్లు పెట్టారు కాబట్టి నా మోకాళ్ళు బతికిపోయాయి. పైన సోకోదోవేర్ అని ఒక కూడలి. కుర్రాళ్ళంతా అక్కడ ఐస్‌క్రీములు కొనుక్కుంటుంటే, మేడమ్ ఆ పేరుకి అర్థం చెప్పింది. అరబ్బీలో పశువుల సంత అట! అంటే, అరబ్బీ మాట్లాడే పాలకులు పోయి తొమ్మిది వందల ఏళ్ళు దాటినా, ఆ సంత పేరు మాత్రం జనం నోట్లోంచి పోలేదు.

ఇక తెల్లని హాలు సంగతి. దాని పేరు సాంతా మరియా లా బ్లాంకా. బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు, మామూలు ఇటుక గోడ, చిన్న తోట. లోపల అడుగుపెట్టగానే నాకు మాట రాలేదు. ఎనిమిది పలకల తెల్లని స్తంభాలు వరసలు వరసలుగా, వాటి మీద గుర్రపు లాడం ఆకారంలో వంపులు. ఒక వంపులోంచి చూస్తే దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. నేను ఒక స్తంభం పక్కనే నిలబడి తలెత్తి దాని తలకట్టు చూశాను. పైన్ చెట్టు కాయలూ, వాటిని చుట్టుకున్న తీగలూ సున్నపు గచ్చులో చెక్కారు. దగ్గర నుంచి చూస్తే ఏ రెండూ అచ్చు ఒకేలా లేవు. అచ్చులో పోసింది కాదు, మేస్త్రీ ఎదురుగా నిలబడి చేత్తో తీసిన పని.

ఆ మేస్త్రీ ఎవరు? బుజ్జమ్మ ప్రశ్నకి జవాబు అక్కడే మొదలవుతుంది. క్రైస్తవ రాజు ఊరు తీసుకున్నాక కూడా ముస్లింలు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. వాళ్ళని ముదేహార్లు అంటారు. ఇటుక పని, గచ్చు పని, చెక్క కప్పు పని చేయడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. అందుకే ఊళ్ళో ఎవరు ఏం కట్టించుకోవాలన్నా ఆ పనివాళ్ళ పద్ధతే. యూదులు తమ ప్రార్థనకి మందిరం కావాలనుకున్నప్పుడు కూడా అంతే. అంటే క్రైస్తవ రాజు ఏలే ఊళ్ళో, ముస్లిం మేస్త్రీల పనితనంతో, యూదుల కోసం కట్టిన మందిరం అది. అందుకే నీకు మసీదులా కనిపించింది. నీ కన్ను తప్పు కాదమ్మా.

ఇక్కడి టూరిస్టు కాగితాల్లో టోలెడోని "మూడు సంస్కృతుల నగరం" అని రాస్తారు. ముగ్గురూ కలిసి హాయిగా బతికారు అని చెప్పి ఊరుకుంటారు. అది నిజంలో సగమే. మీకు సగమే చెప్పి పంపడం నాకిష్టం లేదు. 1391లో సెవిల్ ఊళ్ళో యూదుల మీద మొదలైన దాడులు ఊరూరా పాకి ఇక్కడికీ వచ్చాయి. ఎంతోమందిని చంపారు, ఎంతోమంది ప్రాణభయంతో మతం మార్చుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఈ మందిరాన్ని చర్చిగా మార్చి మేరీమాత పేరు పెట్టారు. చివరికి 1492 మార్చి 31న ఇసబెల్లా రాణి, ఫెర్దినాండ్ రాజు కలిసి, మతం మారని యూదులంతా జూలై ఆఖరుకల్లా దేశం వదిలి పోవాలని హుకుం ఇచ్చారు. బంగారం, వెండి, నాణేలు పట్టుకెళ్ళకూడదు. ఇల్లిచ్చి గాడిదను తీసుకున్నవాళ్ళు ఉన్నారని ఆ కాలపు చరిత్రకారుడొకాయన రాసి పెట్టాడు. కొలంబస్ ఓడలెక్కింది కూడా ఆ ఏడాదే. పుస్తకాల్లో కొలంబస్ గురించే పెద్దగా వేస్తారు, దీన్ని చిన్న అక్షరాల్లో వేస్తారు.

మరి కట్టిన మేస్త్రీల వాళ్ళు? 1502లో వాళ్ళకీ అదే మాట: మారండి, లేదా పొండి. మారినవాళ్ళ మనవల్ని, మునిమనవల్ని కూడా 1609 నుంచి అయిదేళ్ళలో వెళ్ళగొట్టేశారు. కట్టించుకున్నవాళ్ళూ పోయారు, కట్టినవాళ్ళూ పోయారు, స్తంభాలు మిగిలాయి.

చిన్నోడా, నువ్వు విసుక్కోకు, నీకు నచ్చేది ఇప్పుడు చెప్తాను. నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను కదా, ఈ ఊరికి రావాలని నాకు ఆశ పుట్టింది లెక్కల వల్లే. 1085లో ఊరు చేతులు మారినప్పుడు ఇక్కడి అరబ్బీ పుస్తకాలని తగలబెట్టలేదు. వాటి గురించి విని, 12వ శతాబ్దంలో యూరప్ నలుమూలల నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చారు. ఇటలీలోని క్రెమోనా నుంచి జెరార్డ్ అనే ఆయన, పాతకాలపు పండితుడు టాలెమీ రాసిన ఖగోళ గ్రంథం కోసం ఇక్కడికి వచ్చి, అరబ్బీ నేర్చుకుని, ఏళ్ళ తరబడి ఉండిపోయి డెబ్బైకి పైగా పుస్తకాలు లాటిన్‌లోకి మార్చాడు. కొందరు ఇద్దరిద్దరుగా కూర్చునేవాళ్ళు. ఒకరు అరబ్బీ చదివి వాడుక భాషలో పైకి చెప్తుంటే, ఇంకొకరు విని లాటిన్‌లో రాసుకునేవారు. ఆ జంటల్లో యూదుడొకరు, క్రైస్తవుడొకరు ఉన్న సందర్భాలున్నాయి.

ఆ పుస్తకాల్లో మనవీ ఉన్నాయి. అదే ఊళ్ళో 11వ శతాబ్దంలో సాయిద్ అనే ఖాజీ ఉండేవాడు. శాస్త్రాలు పెంచిన జాతుల గురించి 1068లో పుస్తకం రాస్తూ మొదటి జాతిగా భారతీయులని రాశాడు. ఇంకొకటి. మీ లెక్కల పుస్తకంలో "సైన్" ఉంది చూడు. ఆర్యభటుడు దాన్ని అర్ధజ్యా అన్నాడు, కుదించి జ్యా అన్నారు. అరబ్బులు దాన్ని తమ లిపిలో "జీబ" అని రాసుకున్నారు. ఆ లిపిలో అచ్చులు రాయరు కాబట్టి, లాటిన్‌లోకి మార్చినవాళ్ళు దాన్ని "జైబ్" అని చదువుకున్నారు. జైబ్ అంటే గుడ్డ మడత, ఒడి. దానికి లాటిన్ మాట సైనస్. అదే సైన్. ఒక్క తప్పుచదువు ప్రపంచమంతా నిలిచిపోయింది. మేం తెలుగు మీడియంలో వృత్తంలో గీసే గీతని జ్యా అనే నేర్పాం. పాత మాట మన దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.

బుజ్జమ్మకి కరటక దమనకుల కథ తెలుసు. ఆ ఇద్దరు నక్కలు మన దేశం నుంచి పర్షియాకి, అక్కణ్ణుంచి అరబ్బీలోకి పోయి కలీలా, దిమ్నా అయ్యాయి. 1251లో, ఈ టోలెడోలోనే పుట్టిన పదో అల్ఫోన్సో ఇంకా యువరాజుగా ఉండగా, స్పానిష్‌లోకి వచ్చాయి. మార్కెట్లో నారింజపండ్లకి ఏం రాసుందో తెలుసా? "నరంహా"! నేను పైకి చదివి నవ్వితే కొట్టువాడు రెండు పండ్లు ఎక్కువ వేశాడు.

మధ్యాహ్నం సాంతో తోమే చర్చిలో ఒక బొమ్మ చూశాం. ఎల్ గ్రెకో అనే చిత్రకారుడు 1586లో మొదలుపెట్టి 1588లో పూర్తి చేసింది. దాదాపు అయిదు మీటర్ల ఎత్తు. ఓర్గాస్ ఊరి ప్రభువు 1323లో పోతూ, ఆ ఊరివాళ్ళు ఏటా ఈ చర్చికి రెండు పొట్టేళ్ళు, పదహారు కోళ్ళు, రెండు తోలుతిత్తుల ద్రాక్షసారా, రెండు మోపుల కట్టెలు, 800 మరవేదీల డబ్బు ఇవ్వాలని వీలునామా రాశాడు. రెండు వందల ఏళ్ళకి పైగా ఇచ్చి, 1564లో ఊరివాళ్ళు మానేశారు. ఫాదర్ కోర్టుకెళ్ళి గెలిచాడు. ఆ ప్రభువు పేరు ఇంకెవరూ మర్చిపోకూడదని, ఆయన్ని సమాధి చేస్తున్నట్టుగా ఈ బొమ్మ వేయించాడు. దానిలో ఎడమ పక్కన ఒక పిల్లవాడు కాగడా పట్టుకుని వేలెత్తి చూపిస్తుంటాడు. ఎల్ గ్రెకో కొడుకే. వాడి జేబులోంచి రుమాలు బయటికి వేలాడుతుంది, దాని మీద వాడు పుట్టిన సంవత్సరం 1578 రాసి ఉంది. అందరూ స్వర్గం వైపు చూస్తుంటే, నేను పది నిమిషాలు ఆ రుమాలే చూశాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెద్ద చర్చి చూశాం, పాత పెద్ద మసీదు ఉన్నచోట 1226లో పునాది వేశారు. బాదంపప్పు, పంచదార కలిపి చేసే మార్సిపాన్ కొన్నాను, మీకు రెండు పెట్టెలు. పిల్లలు చేతిలో జాబితా పట్టుకుని టిక్కులు కొడుతూ పరిగెత్తుతుంటే నాకు బాధేసింది. పది చోట్లకి ఉరికే బదులు మూడు చోట్ల కుదురుగా కూర్చోవచ్చు కదా అని మీ అక్కతో గట్టిగానే అన్నాను.

సాయంత్రం యూదుల పేటలో నడుస్తుంటే కాళ్ళ కింద, రాళ్ళ మధ్యన, అరచేతిలో సగమంత నీలం రంగు పలకలు కనిపించాయి. హీబ్రూ అక్షరాలు కొన్నిటి మీద, ఏడు కొమ్మల దీపం కొన్నిటి మీద. ఇక్కడ వాళ్ళు బతికారని గుర్తు. మీ అక్క బ్యాచ్‌లో ఇస్తాంబుల్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె, పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడనిది, ఆ పలక దగ్గర కూలబడిపోయింది. 1492లో వెళ్ళగొట్టినవాళ్ళలో చాలామంది టర్కీ సుల్తానుల రాజ్యంలో తలదాచుకున్నారు. ఆ పిల్ల ముత్తాతలు వాళ్ళలోవాళ్ళే. ఆ పిల్ల వాళ్ళ నాయనమ్మకి వీడియో కాల్ చేసింది. పక్కనే మెట్ల మీద కూర్చున్న ఈ ఊరి ముసలాయన ఒకడు, ఏంటి సంగతని వంగి చూసి ఏదో అడిగాడు. ఫోన్లోంచి ఆవిడ జవాబు చెప్పింది. ఆయనకి అర్థమైంది! అయిదు వందల ఏళ్ళ నాడు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన భాషనే వాళ్ళింట్లో ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఏ మాట మాట్లాడినా ఆయన "మా అమ్మమ్మ ఇలాగే అనేది" అంటున్నాడని మీ అక్క నా చెవిలో చెప్పింది.

తర్వాత ఆ పిల్ల ఫోన్ నా వైపు తిప్పింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. నేను నమస్కారం పెట్టాను. ఆవిడ తన వంటింట్లో ఉంది, చేతికి పిండి అంటుకుని ఉంది. అదే చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

వచ్చే గురువారం బయల్దేరుతున్నాను. ఫోటోలన్నీ వరసగా పెట్టి ఉంచండి, వచ్చాక ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం.

మీ అమ్మమ్మ