ప్రాథమిక బడి పిల్లలు, ఆరుబయటి ఆటలు: అపోహలు - వాస్తవాలు

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు పాఠాలు చెప్పే మాలాంటి ఉపాధ్యాయులే చాలా బడుల్లో వారి ఆటలనూ చూసుకుంటారు. విద్యాహక్కు చట్టం (2009) ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెప్పింది గాని, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులను ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, అదీ నూరుమందికి మించి పిల్లలున్న చోట మాత్రమే పేర్కొంది. అందువల్ల చిన్నపిల్లలు బయట ఎంతసేపు, ఎంత స్వేచ్ఛగా ఆడతారన్నది తరగతి ఉపాధ్యాయుల నమ్మకాల మీద, తల్లిదండ్రుల భయాల మీద ఆధారపడి ఉంటుంది.

అపోహ: ఆటలకు సమయం ఇస్తే చదువు వెనకబడుతుంది.

వాస్తవం: అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2010లో ఎన్నో అధ్యయనాలను సమీక్షించినప్పుడు, బడిలో శారీరక శ్రమకు సమయం కేటాయించడం వల్ల చదువు దెబ్బతింటుందనడానికి ఆధారం కనిపించలేదు. 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి ఒకటి రెండు ఆటల పీరియడ్లతో అది తీరదు.

అపోహ: కళ్లద్దాలు ఫోన్ల వల్లే వస్తాయి, ఆరుబయటి ఆటకూ చూపుకూ సంబంధం లేదు.

వాస్తవం: చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలతో జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపే ఏర్పాటు చేసిన బడుల్లో మూడేళ్లలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించడం) వచ్చింది. ఆ ఏర్పాటు లేని బడుల్లో అది 39.5 శాతం. ఈ మేలుకు ముఖ్య కారణం బయటి వెలుతురేనని భావిస్తున్నారు. చెట్టునీడలో కూడా తరగతి గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు ఉంటుంది కాబట్టి, ఈ మేలు కోసం పిల్లలను ఎండలో నిలబెట్టనక్కరలేదు.

అపోహ: చెట్లెక్కడం, గట్ల మీంచి దూకడం ప్రమాదం, మాన్పించాలి.

వాస్తవం: నా పనిలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసి వచ్చేది ఇక్కడే. పిల్లవాడి కంటికి కనిపించే ప్రమాదం వేరు, కనిపించనిది వేరు. కొమ్మ ఎంత ఎత్తున ఉందో వాడు చూడగలడు, భయపడగలడు, వద్దనుకుని దిగిపోగలడు. ఆ కొమ్మ లోపల పుచ్చిపోయిందని, గడ్డిలో గాజుపెంకులున్నాయని, గోడ వెంట వేలాడే తీగలో కరెంటు ఉందని, రాళ్లకుప్పలో పాము ఉండవచ్చని వాడికి తెలియదు. రెండో రకాన్ని ఆటకు ముందే తొలగించడం పెద్దల బాధ్యత. మొదటి రకాన్ని పిల్లలకు వదిలిపెట్టడం కూడా పెద్దల బాధ్యతే. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ ఎత్తు, వేగం వంటి వాటితో పిల్లలు కోరి ఆడే సాహసపు ఆటలను పరిశీలించి, తమ భయాన్ని తాము అదుపు చేసుకోవడం వారు అలాగే నేర్చుకుంటారని వాదించారు. మన కోతికొమ్మచ్చి ఇదే నేర్పుతుంది.

నేను పాటించే నియమం ఒకటుంది: ఏ పిల్లనూ ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టను. తనంతట ఎక్కిన పిల్లకు ఎక్కిన దారి గుర్తుంటుంది కాబట్టి సాధారణంగా దిగడమూ తెలుస్తుంది. పెద్దలు ఎక్కించిన పిల్లకు ఆ దారే తెలియదు. "పడతావ్, పడతావ్" అని కేక వేస్తే పట్టు సడలుతుంది. "కాలు ఎక్కడ ఆనుతోంది? చేతికి పట్టు దొరికిందా?" అని అడిగితే దృష్టి పని మీద నిలుస్తుంది.

నీటి విషయంలో మాత్రం ఏ సడలింపూ ఉండకూడదు. బావి, చెరువు, క్వారీ గుంత సాహసానికి చోట్లు కావు. ఈత నేర్పేవారు పక్కనే ఉండి నేర్పాలి.

అపోహ: మట్టిలో ఆడితే జబ్బులే.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది. బహిరంగ మలవిసర్జన జరిగే నేల మీద ఒట్టికాళ్లతో తిరిగితే కొంకిపురుగులు చర్మం గుండా లోపలికి పోతాయి. చెప్పులు, సబ్బుతో చేతులు కడగడం, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర దానికి మందు. ఆట మానిపించడం కాదు.

అపోహ: ఎండలో ఆడితేనే పిల్లలు గట్టిపడతారు.

వాస్తవం: ఇది పై భయాలకు ఎదురుగా ఉన్న మూఢనమ్మకం, ఎక్కువ ప్రమాదకరం కూడా. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆటలు ఉదయం తొలి గంటలోనే ముగియాలి, దాహం వేసేదాకా ఎదురుచూడకుండా ముందే నీళ్లు తాగించాలి. తలనొప్పి, వాంతి, తూలడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. మాట తడబడితే, స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి.

అపోహ: ఆడపిల్లలు నల్లబడతారు, వాళ్లకు కూర్చుని ఆడే ఆటలు చాలు.

వాస్తవం: నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ భువనగిరి కొండరాయి మీద శిక్షణ పొంది, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. మన బడుల్లో మాత్రం మగపిల్లల క్రికెట్ మైదానమంతా ఆక్రమిస్తే, ఆడపిల్లలు గోడ పక్కన తొక్కుడుబిళ్ళ గీసుకుంటారు. అందుకే సున్నంతో గీత గీసి మైదానంలో సగం వారికి కేటాయిస్తాను. ఏడుపెంకులాటకు, ఖోఖోకు జట్లు కలిపే వేస్తాను. ఆటలున్న రోజు స్కర్టు లోపల నిక్కరు వేసి పంపమని తల్లులకు ముందే చెబుతాను, ఎందుకంటే చెట్టెక్కడానికి వెనకాడే చాలామంది ఆడపిల్లలకు అడ్డు వచ్చేది భయం కాదు, వేసుకున్న బట్టలే.