కొత్త తెలుగు బైబిలు కొంటే పాపమా? క్లాసుల్లో నాకు ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

పోయిన నెల కందుకూరు దగ్గర ఒక ఇంటి కూడికలో ప్రార్థన అయిపోయి టీ గ్లాసులు వస్తా ఉంటే ఒక అక్క సంచిలోంచి కొత్త బైబిలు తీసి నా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, మా వాడు హైదరాబాద్ నుంచి తెచ్చాడు, మాటలన్నీ మనం మాట్లాడుకున్నట్టే ఉండాయి, ఇది అసలు బైబిలేనా?" అని గొంతు తగ్గించి అడిగింది, ఏదో దొంగ సొమ్ము చూపిస్తున్నట్టు. ఒంగోలు, కావలి మధ్య ఊళ్ళల్లో ఇరవై ఏళ్ళుగా బైబిలు స్టడీ క్లాసులు చెప్తా ఉండా, ఈ ప్రశ్న వినని నెల లేదు. అందుకే నాకు ఎక్కువగా తగిలే అపోహలు ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఓవీ (ఓల్డ్ వెర్షన్, మన పెద్దోళ్ళ కాలం నుంచీ చదివే పాత తెలుగు బైబిలు) ఒక్కటే అసలు బైబిలు, మిగతావన్నీ మార్చేసినవి.

అసలుది అంటే పాత నిబంధన హీబ్రూలో, దాంట్లో కొంచెం అరామిక్‌లో, కొత్త నిబంధన గ్రీకులో ఉంది. తెలుగులో మన చేతికొచ్చింది ఏదైనా అనువాదమే, ఓవీ కూడా. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తెలుగులోకి చేశాడు గానీ అది అచ్చు దాకా పోలేదు. విశాఖపట్నంలో డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీ ఆనందరాయర్ అనే ఆయన సాయంతో చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, 1818కి కొత్త నిబంధన వచ్చింది, ఆ తర్వాత కూడా దిద్దతానే ఉన్నారు, మన నెల్లూరు మిషన్‌లో పనిచేసిన లైమన్ జ్యూయెట్ కూడా ఆ సవరణ పనిలో చెయ్యి వేశాడు. అంటే ఓవీ కూడా ఒకప్పుడు "కొత్త బైబిలే" కదబ్బా. అప్పట్లో కూడా ఎవరో ఒక అక్క ఇట్టాగే అడిగి ఉంటది.

ఓవీని తక్కువ చెయ్యట్లేదు. కంఠస్థం చెయ్యడానికి దాన్ని మించింది లేదు, "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అనే నడక ఇంకే అనువాదంలోనూ నాకు దొరకలా. ఇబ్బంది యాడ అంటే, దాంట్లో మాటలు కొన్ని అట్టానే ఉండిపోయాయి, మన వాడుకలో మాత్రం వాటి అర్థం వేరే దారి పట్టింది. నాకు పాతికేళ్ళప్పుడు కావలి దగ్గర ఒక పల్లెలో న్యాయాధిపతులు 6వ అధ్యాయం మీద వాక్యం చెప్పా. గిద్యోను బలిపీఠం కట్టి దానికి "యెహోవా సమాధానకర్త" అని పేరు పెడతాడు. నేను ముప్పావు గంట సేపు, దేవుడు మన ప్రతి ప్రార్థనకీ జవాబు ఇచ్చేవాడు, ఉత్తరానికి ప్రత్యుత్తరం రాసేవాడు అని ఊగిపోయి చెప్పా, జనం ఆమెన్ ఆమెన్ అన్నారు. కూడిక అయ్యాక రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన పక్కకి పిలిచి, "అబ్బయ్యా, అక్కడ సమాధానం అంటే శాంతి రా, జవాబు కాదు" అన్నారు. హీబ్రూలో ఉన్నది షాలోమ్. పై వచనంలోనే దేవుడు భయపడకుము అంటాడు, అది చదివున్నా నాకు తెలిసిపోయేది. "నిరీక్షణ" కూడా అంతే, మనకేమో బస్సు కోసం ఎదురుచూడటం గుర్తొస్తది, ఓవీలో దాని అర్థం ఆశ, నమ్మకంతో కూడిన ఆశ. తప్పిపోయిన కుమారుడు తినాలనుకున్న "పొట్టు" అంటే మన వరి పొలాల వాళ్ళకి ఊకో తవుడో కళ్ళ ముందుకొస్తది, గ్రీకులో ఉన్నది కరోబ్ అనే చెట్టు కాయలు.

కాబట్టి రెండూ పెట్టుకోండి. ఓవీ పక్కన వాడుక తెలుగులో ఉన్నది ఒకటి, ఐఆర్వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) అయినా తెలుగు సమకాలీన అనువాదమైనా సరే. ఫోన్ యాప్‌లో ఉచితంగానే దొరుకుతాయి. రెండూ ఒకేలా ఉన్నచోట ముందుకి పోండి, తేడా కనిపించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, చదువు అక్కడే మొదలవుతది. రోమా 5:1 చూడండి, ఓవీలో దేవునితో సమాధానము "కలిగియుందము" అని ఉంటది, అంటే కలిగి ఉందాం రండి అని, కొత్త వాటిల్లో కొన్నింట్లో "కలిగి ఉన్నాం" అనే అర్థం వస్తది. పాత గ్రీకు చేతిరాత ప్రతుల్లో ఎఖొమెన్ అని కొన్నింట్లో, ఎఖోమెన్ అని కొన్నింట్లో ఉంది, ఒక్క దీర్ఘం తేడా, అంతే! ఎవరూ కుట్ర చెయ్యలేదు.

అపోహ: కొత్త అనువాదాల్లో వచనాలు పీకేశారు.

అపొస్తలుల కార్యములు 8:37 చూపించి నన్ను నిలదీసిన బ్రదర్లు ఉన్నారు. కొత్త నిబంధన వచనాలకి నంబర్లు రాబర్ట్ ఎస్టియెన్ అనే ప్రింటరు 1551లో వేశాడు, అప్పటికి ఆయన చేతిలో ఉన్న ప్రతుల్ని బట్టి. తర్వాత ఇంకా పాత ప్రతులు చూస్తే ఆ 37వ వచనం వాటిల్లో లేదు, అందుకే కింద నోట్‌లో పెట్టారు, నంబరు ఖాళీగా మిగిలింది. నోట్ చదవకుండా గొడవ పడటం మనకి అలవాటైపోయింది.

అపోహ: వాగ్దానం కార్డులో వచ్చిన వచనం ఆ ఏడాది నాకోసమే.

ఇది రాస్తే కొంతమందికి కోపం వస్తది, రానీండి. డిసెంబర్ 31 రాత్రి కూడికలో మా దగ్గరా ఒక్కో వచనం రాసున్న కార్డులు పంచుతారు, నేనూ తీసుకుంటా. ఎక్కువగా వచ్చేది యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు". ఆ కార్డు పట్టుకుని ఈ ఏడు వీసా వస్తది, ఇల్లు కడతాం అని మొక్కుకుంటారు. ఒక్క వచనం పైకి పోయి 10వది చదవండి, బబులోనులో డెబ్బై ఏళ్ళు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తా అని ఉంది. అది బబులోనులో చెరలో ఉన్న యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఇక్కడే కాపురం పెట్టండి అంటున్నాడు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనేవాడు రెండేళ్ళలో అంతా సర్దుకుంటదని చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు, వాణ్ణే యిర్మీయా అబద్ధికుడన్నాడు. మనం కార్డు మీద యిర్మీయా వచనం పెట్టుకుని హనన్యా ప్రసంగం వింటున్నాం అన్నమాట. అనువాదం ఏది కొన్నా ఈ జబ్బు పోదు, ముక్క కోసుకుని చదివేవాడికి ఏ బైబిలైనా ఒకటే.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (ఫిలిప్పీ 4:13) కూడా అంతే, ఆటోల వెనకాల, పదో తరగతి పిల్లల హాల్ టికెట్ల మీద చూస్తుంటా. పై వచనంలో పౌలు ఆకలితో ఉండటం కూడా నేర్చుకున్నా అంటున్నాడు, సంకెళ్ళలో ఉండి.

అపోహ: గ్రీకు, హీబ్రూ రాకపోతే లోతుగా చదవలేం.

వస్తే మంచిదే. కానీ అరకొర గ్రీకు ప్రసంగాలు చేసే చెరుపు ఎక్కువ. అగాపే అంటే దైవ ప్రేమ, ఫిలియో అంటే స్నేహం అని మైకులో అదరగొడతారు, యోహాను సువార్తలో తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడు అనే మాట 3:35లో అగాపే క్రియతో ఉంది, 5:20లో ఫిలియో క్రియతో ఉంది, రెండూ అదే ప్రేమ. మాట కన్నా వాక్యం చూడాలి, వాక్యం కన్నా పేజీ చూడాలి.

ఇంకొన్ని ఒక్క ముక్కలో చెప్పేస్తా. కాథలిక్కుల బైబిలు దొంగ బైబిలేం కాదు, వాళ్ళకి 73 పుస్తకాలు, మన ప్రొటెస్టెంట్లకి 66, కొత్త నిబంధన 27 ఇద్దరికీ ఒకటే. ఖరీదైన స్టడీ బైబిల్లో కింద ఉన్న నోట్సు ఎవరో మనిషి రాసినవి, ముందు పైన చదవండి, కిందది చివర్లో చూడండి. కళ్ళు మూసుకుని పేజీ తెరిచి వేలు పెట్టటం మాత్రం మానండి బాబూ, పెళ్ళి సంబంధం అట్టా ఖాయం చేసుకున్నోళ్ళని చూశా.

ఆ అక్కకి నేను చెప్పింది ఇంతే: రెండు బైబిళ్ళూ ఉంచుకోమ్మా, ఫిలిప్పీ పత్రిక తీసుకో, నాలుగే అధ్యాయాలు, పావుగంట పని, ఒకే కూర్చోటంలో బయటికి చదువు, వారం రోజులు అదే చదువు, ఎవరు రాశారు ఎవరికి రాశారు ఎందుకు రాశారు అని నోట్‌బుక్‌లో రాసుకో. మొన్న ఫోన్ చేసింది. "అయ్యగారూ, ఈయన జైల్లో కూర్చోని ఎప్పుడూ ఆనందించుడి అంటాడేంది, ఆయనకి ఏమైనా మంచి కబురు వచ్చిందా అని మొదట్నుంచీ మళ్ళీ వెతికా, యాడా దొరకలా" అంది. వచ్చే బుధవారం క్లాసు ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నా.