రాగి చేలో దుక్కి

చిన్నీ, బుజ్జీ,

సెలవుల్లో నా బల్ల మీది పుస్తకం తిరగేసి, అందులో ఆదాము హవ్వల బొమ్మ చూసి, "తాతయ్యా, ఈ ఆదాము హవ్వలంత చక్కగా నిజంగా ఎవరైనా ఉంటారా?" అన్నారు. నేను దగ్గి తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్తాను.

ఆ బొమ్మ 1504లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు రాగి రేకు మీద చెక్కాడు. కంసాలి కొడుకు, తండ్రి దగ్గరే పని నేర్చాడు. పనిముట్టు బ్యూరిన్ అనే సన్నటి ఉక్కు ఉలి. అది నాగలి, రేకు చేను అనుకోండి. సిరా పూసి పైపైన తుడిస్తే, వాన వెలిశాక నీళ్ళు నిలిచినట్టు చాళ్ళలోనే నిలుస్తుంది. తడి కాగితం వేసి గట్టిగా అదిమితే బొమ్మ దిగుతుంది. నీడకి చాళ్ళు దగ్గరగా, వెలుగుకి ఎడంగా. భుజం గుండ్రంగా కనపడాలంటే చాలు కూడా ఒంపు తిరగాలి.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న మేడి చేతికిచ్చారు. నా చాలు పాములా పోయింది. "ఎద్దుల్ని కాదురా, గట్టు చూడు!" అని కేకేశారు. డ్యూరర్‌కి ఆ పాము ఒంపే కావాలి. అయితే ఒంపు దగ్గర తిప్పేది ఉలిని కాదు, కింద ఉన్న రేకుని. నాగలి నిలబడితే చేనే తిరగడం! సరే, నా పోలిక ఇక్కడ బోల్తా పడింది.

ఇక అందం సంగతి. కుర్రతనంలో డ్యూరర్‌కి వెనిస్ చిత్రకారుడు యాకోపో ద బార్బరీ కొలతలతో గీసిన ఆడ, మగ బొమ్మలు చూపించాడు. కిటుకు మాత్రం చెప్పలేదు. దాంతో ఈయన రోము కాలపు కట్టడాల నిపుణుడు విట్రూవియస్ పుస్తకం పట్టుకున్నాడు. అందులో ముఖం ఒంటి ఎత్తులో పదో వంతు, పాదం ఆరో వంతు. స్కేలు, కాంపాస్ పెట్టి ఏళ్ళ తరబడి కొలిచాడు. అంటే ఆ ఇద్దరూ ఎవరింట్లోనూ పుట్టలేదు, లెక్కలో పుట్టారు. నేనూ నా పాదం కొలుచుకున్నాను, లెక్క కుదరలేదు. మీ అమ్మమ్మ నవ్వింది.

చివరికి అందమంటే ఏమిటో తనకి తెలియదని ఆయనే రాశాడు. 1528లో, ఆయన పోయాక వచ్చిన కొలతల పుస్తకంలో లావువాళ్ళు, బక్కవాళ్ళు, పసిపిల్లలు అందరూ ఉన్నారు. అద్దం ముందు గంటలు నిలబడే చిన్నీ ఇది రెండుసార్లు చదవాలి.

భూతద్దం తీసుకుని మళ్ళీ ఆ బొమ్మ చూడండి. పిల్లి, ఎలుక సులువుగానే దొరుకుతాయి. దూరంగా కొండ కొసన ఒక మేక ఉంది. దాన్ని ముందు ఎవరు పట్టుకున్నారో నాకు రాయండి.

మీ తాతయ్య