తాతి కాదు, తాతి!

మా మేనకోడలికి మూడేళ్లు. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. దానికి కాకి ‘తాతి’, పుస్తకం ‘పుత్తతం’, సాయంత్రం తినేది ‘మిచ్చి బజ్జి’. మొన్న పిట్టగోడ మీద కాకి వాలితే వాళ్ల నాయనమ్మ ముద్దుచేస్తూ, ‘‘అదిగోనే తాతి!’’ అంది. పిల్లకి కోపం వచ్చేసింది. ‘‘తాతి కాదు, తాతి!’’ అని కాలు నేలకేసి కొట్టింది. ‘‘కాకి అనాలా?’’ అంటే, ‘‘ఆఁ, తాతి’’ అని చల్లబడింది.

అచ్చం ఇలాంటి ముచ్చటనే 1960లో అమెరికా పరిశోధకులు జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ రాసిపెట్టారు. గాలి నింపిన చేపబొమ్మని ‘ఫిస్’ అని పిలిచే ఒక పిల్లవాడు, పెద్దవాళ్లు ‘ఫిస్’ అంటే ఒప్పుకోలేదు. ‘ఫిష్’ అన్నాకే సరేనన్నాడు. మాట తేడా చెవికి తెలుసు, నాలుకకే ఇంకా లొంగలేదు.

‘క’ పలకాలంటే నాలుక వెనకభాగం లేచి మెత్తని అంగిలిని తాకాలి. ‘త’కి కొన పళ్లకి తగిలితే చాలు. ‘ర’ మరీ కష్టం. నాలుక కొనని మనం అంత వేగంగా ఆడించలేం. తగిన బిగువుతో నిలిపితే ఊపిరే ఆడిస్తుంది. ఆ బిగువు కుదిరేదాకా రాముడు ‘లాముడే’.

నాకు మరీ ముచ్చటేసేది ‘మిచ్చి’. ‘ర్’ పోయింది గానీ మాట పొడవు తగ్గలేదు. ఆ ఖాళీని ‘చ’ ఒత్తు నింపింది. అగ్ని ‘అగ్గి’, భక్తి ‘బత్తి’ అయిందీ ఈ దారినే.

ఇక మా పిల్ల అనే ‘చెయ్యిలు కడుక్కున్నా’, ‘ఇల్లులో ఉంది’ లాంటివి ఆ ఇంట్లో ఇంకెవరూ అనరు. ‘లు’ చేరిస్తే బహువచనమని, ‘లో’ చేరిస్తే చోటని ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. 1958లో బెర్కో ఒక కల్పిత జీవి బొమ్మ చూపించి దాని పేరు ‘వగ్’ అంది. రెండో బొమ్మ పెట్టగానే పిల్లలు ‘వగ్స్’ అన్నారు, అదివరకెన్నడూ వినని మాటకి. విని పట్టిన ‘చేతులు’ కంటే ‘చెయ్యిలు’లోనే బుర్ర పనిచేసిన తీరు బాగా కనిపిస్తుంది నాకు.

వెక్కిరించక్కర్లేదు, ‘అవునమ్మా, కాకి’ అని మామూలుగా అంటే సరి. నాలుగేళ్లు నిండినా బయటివాళ్లకి చాలా మాటలు అర్థం కాకపోతే మాత్రం ముందు వినికిడి పరీక్ష చేయించాలి. జలుబు తర్వాత చెవి లోపల నీరు నిలిచినా మాటలు మసగ్గా వినిపిస్తాయి, పైకేమో ఏమీ తెలియదు.